దుబాయ్ విజిట్ వీసా అయిపోతోంది: మస్కట్ బస్సా, ఏ టు ఏ నా, లోపలే పొడిగింపా, ఇంటికొచ్చేయడమా?

సంతపేట_సుజాత (ఒంగోలు)
6 డిసెంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడి సంగతి. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మెషిన్ ఆపరేటర్‌గా చేసేవాడు. డిప్లొమా మెకానికల్. ఇక్కడ షిఫ్టులు తగ్గించేసరికి 60 రోజుల విజిట్ వీసా తీసుకుని దుబాయ్ పోయాడు. ఇప్పుడు అక్కడ దేరా ఏరియాలో బెడ్ స్పేస్‌లో, అంటే నలుగురున్న గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఆ వీసా ఈ నెల 21తో అయిపోతుంది.

షార్జాలో ఒక మార్బుల్ ఫ్యాక్టరీ వాళ్లు వీణ్ణి పిలిచి మెషిన్ మీద పని చేయించి చూశారు. పని నచ్చిందన్నారు. కానీ "నీ విజిట్ అయిపోవచ్చింది కదా, వీసా చేంజ్ చేసుకుని రా, అప్పుడు ఆఫర్ ఇస్తాం" అంటున్నారట. వీసా తీసిన ఏజెంట్‌నడిగితే ఏ టు ఏ (ఎయిర్‌పోర్ట్ టు ఎయిర్‌పోర్ట్, అంటే పక్క దేశం ఎయిర్‌పోర్టుకు పోయి కొత్త విజిట్ వీసాతో తిరిగి రావడం) ఒక్కటే దారి, పొద్దున పోయి రాత్రికి రావచ్చు అంటున్నాడు. రూమ్‌లో ఉన్న కుర్రాళ్లు బస్సులో ఒమాన్‌లోని మస్కట్‌కు పోయి కొత్త వీసాతో రావడం చవక అంటున్నారు. ఇంకొకరు లోపలే 30 రోజులు పొడిగించుకోవచ్చు అన్నారు. మా అమ్మ మాత్రం వచ్చెయ్యమని రోజూ ఫోన్లో ఏడుస్తోంది.

డబ్బు నేనే పంపాలి. ఇప్పటికే టికెట్టుకూ వీసాకూ నా గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఏది చేస్తే మేలో అక్కడ ఉన్నవాళ్లు, చేసి వచ్చినవాళ్లు చెప్పండి.


దేరా_నెల్లూరోడు
6 డిసెంబర్, రాత్రి 10:25

అక్కా, నేను ఏ టు ఏ చేసి వచ్చినోణ్ణే. అట్టా చేసినాకనే నాకు కంపెనీ వీసా దొరికింది. అందుకే భయపెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్తా.

ఏజెంట్ రెండు టికెట్లు ఇస్తాడు. పోయేది, వచ్చేది. పక్క దేశం ఎయిర్‌పోర్టులో దిగుతాం, బయటికి పోయేది లేదు, ఆ దేశం వీసా అక్కర్లేదు. ట్రాన్సిట్ దగ్గరే కూర్చోవాల. మనం దుబాయ్ నుంచి ఎగ్జిట్ అయినట్టు సిస్టంలో పడినాకనే కొత్త వీసా ప్రింట్ అవుతుంది. అది వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌లో చూపిస్తేనే బోర్డింగ్ పాస్ ఇస్తారు. పీడీఎఫ్ రాకపోతే విమానం కళ్ల ముందర పోతుంది, మనం అక్కడే.

నాతో పాటు ఉన్నోళ్లలో చాలామందికి నాలుగైదు గంటల్లో వచ్చేసింది. నాకు మాత్రం తెల్లారింది. ఫోన్ చార్జింగ్ పెట్టే చోట గుంపుగా నిలబడి ఉంటాం, ఎవరి ఫోన్ మోగినా అందరం అటు చూస్తాం. బెంచీల మీద చేతులు ఆనించుకునే కమ్మీలు ఉంటాయి, పడుకోవడానికి కుదరదు. నీళ్ల సీసా, బిస్కెట్లు, చార్జర్, దుప్పటి చేతి సంచీలోనే పెట్టుకోవాల. కార్డులో కొంచెం డబ్బు ఉండాల.

ఇంటికి పోతే చాన్సు పోతుంది అని నా అభిప్రాయం. ఇక్కడ ఇంటర్వ్యూకి రమ్మంటే రేపు పొద్దునకల్లా పోవాల. చీమకుర్తిలో కూర్చుంటే ఎవుడు పిలుస్తాడు?


గూడూరు_వాణి (మస్కట్)
6 డిసెంబర్, రాత్రి 11:10

సుజాత గారూ, మస్కట్ బస్సు అనేవాళ్లు ఒక మాట మర్చిపోతున్నారు. యూఏఈలో రెసిడెన్స్ ఉన్న ఇండియన్లకు ఒమాన్‌లో 14 రోజులు వీసా లేకుండా రానిచ్చే వెసులుబాటు ఉంది. విజిట్ మీద ఉన్నవాళ్లకు అది వర్తించదు. మీ తమ్ముడు ఒమాన్ ఈ-వీసా ముందే తీసుకోవాలి. పది రోజులది 5 రియాళ్లు, నెల రోజులది 20 రియాళ్లు. వీసా చేతిలో లేకుండా బస్సు ఎక్కితే హత్తా దాటాక ఒమాన్ సరిహద్దు పోస్టు అల్ వజాజాలో దింపేస్తారు, అక్కడి నుంచి వెనక్కి రావడం ఇంకో పెద్ద తంటా.

ఆరు గంటల ప్రయాణం అంటారు, సరిహద్దులో రద్దీని బట్టి ఇంకా పెరుగుతుంది. యూఏఈ వైపు ఎగ్జిట్ ఫీజు 35 దిర్హాముల పైన కట్టాలి. తర్వాత ఒమాన్ వైపు బస్సులో ఉన్న సామానంతా దించి వరసగా పెట్టిస్తారు, కస్టమ్స్ వాళ్లు చూసేదాకా ఎండలోనో చలిలోనో నిలబడాలి. ఇక్కడ మస్కట్‌లో రువీ ఏరియాలో మనవాళ్లు నడిపే లాడ్జీలు, మెస్‌లు ఉన్నాయి. కొత్త దుబాయ్ వీసా వచ్చేదాకా అక్కడ ఉండొచ్చు. ఎయిర్‌పోర్టు బెంచీ కంటే మనిషిలా ఉండొచ్చు. కానీ రోజు రోజుకూ గది అద్దె, భోజనం కలుపుకుంటే చవక అన్నమాట నిలవదు.

ఇంకొకటి. ఆయనది సింగిల్ ఎంట్రీ అయితే ఒకసారి బయటికి అడుగుపెట్టాక మిగిలిన రోజులు లేనట్టే. "ఇంకా వారం ఉంది కదా, పోయి వద్దాం" అనుకుంటే కుదరదు.


ట్రావెల్స్_కావలి
7 డిసెంబర్, ఉదయం 7:15

నేను టికెట్లు, విజిట్ వీసాలు చేసేవాణ్ణి. అయినా సరే నిజమే చెప్తాను.

కోవిడ్ టైంలో దేశం దాటకుండానే విజిట్ మార్చుకోనిచ్చారు. 2022 డిసెంబర్‌లో అబుదాబి, షార్జాల్లో అది ఆపేశారు. అప్పట్నించే ఏ టు ఏ ఇంత జోరందుకుంది. పొడిగింపు మాత్రం వేరే సంగతి. ఉన్న వీసానే 30 రోజులు పెంచడం. వీసా తీసిన ఏజెంట్ ద్వారానే కావాలి, గడువు ముగియకముందే కట్టాలి. కొంతమంది ఏజెంట్లు ఆ మాట ఎత్తరు, ఎందుకంటే ఏ టు ఏ లో టికెట్ మీద కూడా మిగులుతుంది. మీ తమ్ముణ్ణి నేరుగా అడగమనండి: "పొడిగింపు కుదురుతుందా, ఎంత అవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది?" వాట్సాప్‌లో రాతపూర్వకంగా జవాబు తీసుకోమనండి.

తేదీ చూశారా? 21 ఆదివారం. శని, ఆదివారాలు దుబాయ్ ఆఫీసులకు సెలవు. షార్జాకైతే శుక్రవారం కూడా సెలవే. అంటే మీకు 21 అనుకోవద్దు, గురువారం 18 అనుకోండి. ఓవర్‌స్టే పడితే రోజుకు 50 దిర్హాములు, మన డబ్బుల్లో 1,200 పైమాటే. ఒకప్పుడు పది రోజులు వెసులుబాటు ఉండేది, ఇప్పుడు లేదు. మొదటి రోజు నుంచే మీటర్ తిరుగుతుంది.


కందుకూరు_మాధవి
7 డిసెంబర్, ఉదయం 9:02

ఫైన్ ఒక్కటే కాదక్కా. మా ఆయన విజిట్ మీద పోయి "రేపోమాపో ఆఫర్ వస్తుంది" అని గడువు దాటి ఆగాడు. వీసా తీసిన ఏజెన్సీ వాళ్లు ఆయన మీద అబ్‌స్కాండింగ్ (పరారీ) కేసు పెట్టేశారు. విజిట్ మీద వచ్చిన మనిషి బయటికి పోకపోతే తమకు జరిమానా పడుతుందని వాళ్ల భయం. ఆ కేసు తీయించాలంటే వాళ్లు అడిగినంత కట్టాలి, ఓవర్‌స్టే వేరే, దేశం విడిచి పోవడానికిచ్చే అవుట్ పాస్ వేరే. ఏ ఏజెన్సీ అన్నది ఇక్కడ రాయను. మొత్తం తడిసి మోపెడయింది. పొలం కౌలు డబ్బంతా అందులోకే పోయింది.

ఏ దారైనా పట్టండి, గడువు మాత్రం దాటనీయొద్దు. వీసా చెల్లుబాటు ఏజెంట్ నోటి మాట మీద నమ్మొద్దు. దుబాయ్ వీసా అయితే అక్కడి ఇమిగ్రేషన్ శాఖ జీడీఆర్ఎఫ్ఏ సైట్‌లో, మిగతా ఎమిరేట్లదైతే యూఏఈ కేంద్ర శాఖ ఐసీపీ సైట్‌లో పాస్‌పోర్టు నంబరు కొట్టి చూసుకోవచ్చు. మాకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.


కోవూరు_ఖాదర్
7 డిసెంబర్, మధ్యాహ్నం 1:30

చాలా ఏళ్లు షార్జాలో పీఆర్వో కింద, అంటే కంపెనీ వీసాల కాగితాలు చూసే పని చేసి వచ్చాను. టైపింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన అనుభవంతో రాస్తున్నా. బస్సా, విమానమా అని అందరూ చెప్తున్నారు. నాకు అంతకంటే ముందు అడగాల్సింది ఒకటి కనపడుతోంది. ఆ కంపెనీ వీసా చేంజ్ చేసుకుని రమ్మని ఎందుకంటోంది?

నిజంగా మనిషి కావాలనుకున్న కంపెనీ ఏం చేస్తుందో చెప్తాను. మోహ్రే అంటే వాళ్ల కార్మిక శాఖ. అందులో ఆఫర్ లెటర్ తీస్తుంది. జీతం, పని, సెలవులు అన్నీ అందులో ఉంటాయి, బార్‌కోడ్ ఉంటుంది. అభ్యర్థి సంతకం పెట్టాక వర్క్ పర్మిట్‌కు పోతుంది. ఆ తర్వాత ఉద్యోగ ఎంట్రీ పర్మిట్. మనిషి విజిట్ మీద లోపలే ఉంటే "స్టేటస్ చేంజ్" అని ఫీజు కట్టి దేశం దాటకుండానే మార్చేస్తారు. బయట ఉంటే పర్మిట్ పీడీఎఫ్ ఇంటికి పంపుతారు, 60 రోజుల్లోపల దిగితే చాలు. దిగాక మెడికల్, ఎమిరేట్స్ ఐడీ. రెండిట్లో దేనికీ కొత్త విజిట్ వీసాతో పని లేదు.

ఇంకా రెండు వారాలు ఉండగా ఆఫర్ తీయకుండా, నీ డబ్బుతో ఇంకో విజిట్ తెచ్చుకో అంటున్నారంటే నాకు రెండే కారణాలు తోస్తున్నాయి. వాళ్లకు కోటా (ఇంతమందిని పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చే లెక్క) లేకనైనా ఉండాలి, లేదా ఇంకో రెండు నెలలు విజిట్ మీదనే పని చేయించుకోవాలనైనా ఉండాలి. విజిట్ మీద పని చేయడం నేరం. "ట్రయల్" అన్నా అంతే. 2024లో చట్టం మార్చి, పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా పెట్టారు. తనిఖీ పడితే కంపెనీ కడుతుంది సరే, పట్టుబడిన కుర్రాడికి కూడా జరిమానా, డిపోర్టేషన్. మళ్లీ ఆ దేశం మొహం చూడలేడు.

సుజాతమ్మా, మీ తమ్ముడికి వాళ్లిచ్చిన కాగితం ఏదైనా ఉందా? ఉంటే అది మోహ్రేదా, ఉత్త లెటర్‌హెడ్డా?




  




      


సంతపేట_సుజాత
7 డిసెంబర్, రాత్రి 8:55

ఖాదర్ గారూ, కాగితం ఫోటో పంపించుకున్నాను. లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో నాలుగు లైన్లు, ఒక స్టాంపు. బార్‌కోడ్ లేదు. జీతం 1,800 దిర్హాములు, రూము కంపెనీదే అని ఉంది. ఇంకో సంగతి తమ్ముడు ఇవాళే చెప్పాడు. కంపెనీ వీసాకు 5,000 దిర్హాములు వీడే ఇవ్వాలంట, జీతంలో నెలనెలా పట్టుకుంటారంట. అందరూ అట్టాగే చేస్తారు అని రూమ్‌లో వాళ్లన్నారంట. అది మామూలేనా?


కోవూరు_ఖాదర్
7 డిసెంబర్, రాత్రి 9:20

మామూలుగా జరిగేదే. చట్టం మాత్రం ఒప్పుకోదు. 2021 నాటి 33వ కార్మిక చట్టంలో స్పష్టంగా ఉంది: నియామకం ఖర్చు, వీసా ఖర్చు యజమానిదే. నేరుగా గానీ, జీతంలో కోసుకుని గానీ పనివాడి దగ్గర తీసుకోకూడదు. 5,000 అంటే మన డబ్బుల్లో లక్షా ఇరవై వేలకు పైమాట. 1,800 జీతంలో నెలనెలా అది కోస్తే మీకు పంపేదేముంటుంది?

ఫ్యాక్టరీ పేరు, ట్రేడ్ లైసెన్స్ నంబరు అడిగి తెలుసుకోమనండి. నిజం కంపెనీ అయితే ఇవ్వడానికి వెనకాడదు. "మోహ్రే ఆఫర్ లెటర్ తీయండి, ఇప్పుడే సంతకం పెడతాను" అని మర్యాదగా అడగమనండి. వాళ్ల జవాబును బట్టే మీరు ఏ దారి పట్టాలో తేలుతుంది. అది తేలకుండా ఏ టు ఏ కి ఒక్క దిర్హాము కూడా కట్టొద్దు.

దుబాయ్‌లో మన కాన్సులేట్ తరఫున ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ 800 46342. ఇట్టాంటి కాగితాలు చూపించి సలహా అడగొచ్చు, డబ్బులేమీ తీసుకోరు.


ఉదయగిరి_దుర్గం
8 డిసెంబర్, ఉదయం 6:05

అమ్మా, నేను గల్ఫ్‌లో ముసలోణ్ణయి వచ్చినోణ్ణి. ఇప్పటి పిల్లోళ్లు ఏ టు ఏ అంటా ఉండారు. మా కాలంలో ఇరాన్ వాళ్ల కిష్ దీవికి పంపేవాళ్లు. అక్కడ 14 రోజులు వీసా లేకుండా ఉండనిచ్చేవాళ్లు. ఏజెంట్ "మూడు రోజుల్లో వీసా వస్తుంది" అనేవోడు. వారాలు పట్టినోళ్లను చూసినా. ఒక్క గదిలో ఎనిమిది మంది, తొమ్మిది మంది. చేతిలో డబ్బులైపోయి లాడ్జీ వంటగదిలో గిన్నెలు తోమి తిన్నోళ్లు ఉండారు. పొద్దునైతే చాలు ఏజెంట్ ఆఫీసు ముందర అంటించిన పేర్ల కాగితం దగ్గర అందరూ ఎగబడతారు, మన పేరుందా అని.

2004 ఫిబ్రవరి 10న కిష్ నుంచి షార్జాకి వచ్చే విమానం దిగబోయే ముందర కూలిపోయింది. 46 మందిలో 43 మంది పోయినారు. వీసా మార్చుకుని తిరిగొచ్చేవోళ్లే అందులో చానామంది. మేముండే లేబర్ క్యాంపులో ఆ రోజు ఎవురూ అన్నం తినలా. విమానం కూలడం ఎవురి చేతిలోనిదీ కాదు, ఆ మాట కోసం చెప్పడం లేదు. చేతిలో ఏ కాగితం లేకుండా ఉత్త ఆశ మీద పిల్లోడు దేశాల మధ్యన తిరగడం నాకిప్పటికీ నచ్చదు. అందుకు చెప్తా ఉండా.

ఇరాన్ దారి ఇంకెవురైనా చెప్తే వినబాకండి. పోయిన నెల 22 నుంచి మన పాస్‌పోర్టుకు వీసా లేకుండా రానివ్వడం ఆపేసినారు. ఉద్యోగాలని తీసుకుపోయి మనుషుల్ని పట్టి పెట్టుకుని డబ్బులు గుంజినారు, అందుకని.


దేరా_నెల్లూరోడు
8 డిసెంబర్, మధ్యాహ్నం 12:40

పెద్దాయనా, మీ మాటంటే గౌరవమే. కానీ ఇప్పుడు కిష్ కాలం కాదు. ఇంటికి పొమ్మనేవోళ్లకు ఒకటి అడుగుతా. మళ్లీ రావాలంటే మళ్లీ విజిట్ వీసానే కదా తీయాల? పోయినేడు చివర్నుంచి దుబాయ్ వీసాకు రిటర్న్ టికెట్, హోటల్ బుకింగో ఇక్కడ ఉండే చుట్టాల ఇంటి అద్దె కాగితమో, ఖాతాలో డబ్బు అన్నీ చూపించమంటున్నారు. మనోళ్లవి చానా తిరగ్గొట్టారు. ఒకసారి బయటికి పోతే తిరిగి రాలేకపోతే? జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడ ఉద్యోగాలు బాగా పడతాయి. సరిగ్గా ఆ టైంకి ఇంట్లో కూర్చుంటే ఎట్టా?


గూడూరు_వాణి (మస్కట్)
8 డిసెంబర్, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, నువ్వు చెప్పిన కష్టమే ఏ టు ఏ కి కూడా ఉంది. అది కూడా కొత్త వీసానే. అదే ఆఫీసు, అవే కాగితాలు, అదే తిరస్కరణ. తేడా ఒక్కటే. "లేదు" అని జవాబొచ్చే వేళకు మనిషి ఎక్కడుంటాడన్నది. ఏ టు ఏ లో అయితే పక్క దేశం ఎయిర్‌పోర్టులో, బస్సులో వస్తే రువీలో రోజుకింత కట్టే గదిలో, ఇంటికొస్తే అమ్మ దగ్గర. ఎయిర్‌పోర్టులో ఉండగా రాకపోతే అప్పటికప్పుడు చెన్నైకి టికెట్ కొనాల్సిందే. డిసెంబర్ చివర్లో ఆ టికెట్ ఎంత ఉంటుందో అందరికీ తెలుసు.

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఎయిర్‌పోర్టు నుంచి అట్టా తెచ్చినవాళ్లను చూశాను. బీపీ మాత్రలు చెక్‌ఇన్ బ్యాగులో పెట్టి, రాత్రంతా వేసుకోకుండా ఉండి, కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు. సుజాత గారూ, మీ తమ్ముడు ఏ దారిన వచ్చినా మందులుంటే చేతి సంచీలోనే పెట్టుకోమనండి.


ట్రావెల్స్_కావలి
8 డిసెంబర్, సాయంత్రం 6:30

వాణి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కొందరు జాబ్ సీకర్ వీసా అని చెప్తుంటారు, స్పాన్సర్ అక్కర్లేదు, 60, 90, 120 రోజులు. అది డిగ్రీ, పైస్థాయి నైపుణ్యం ఉన్నవాళ్లకు. డిప్లొమాతో కుదరదు, ఆశ పెట్టుకోవద్దు.

లోపలే పొడిగింపుకు మాత్రం నేను ఒక సందర్భంలో ఓటేస్తాను. కంపెనీ మోహ్రే ఆఫర్ తీసి, పర్మిట్ రావడానికి ఇంకో పది రోజులు పడుతుంది అనే పరిస్థితిలో. అప్పుడు ఆ 30 రోజులకు అర్థం ఉంటుంది. ఏమీ లేకుండా పొడిగిస్తే ఆ నెల గది అద్దె, తిండి, మెట్రో ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి. వీసా ఖర్చు కంటే అవే ఎక్కువవుతాయి.


సంతపేట_సుజాత
11 డిసెంబర్, రాత్రి 10:10

మీ అందరి మాటలు తమ్ముడికి ఒక్కొక్కటే చదివి వినిపించాను. మొదట కోపమొచ్చింది వాడికి, "వాళ్లకేం తెలుసు" అన్నాడు. ఖాదర్ గారి రాత రెండుసార్లు చదివించుకున్నాడు. ఇవాళ ఫ్యాక్టరీకి పోయి మోహ్రే ఆఫర్ తీయమని అడిగాడంట. మేనేజర్ "ఇప్పుడు కోటా లేదు, జనవరి తర్వాత చూద్దాం, అప్పటిదాకా విజిట్ మీద వచ్చి పని చెయ్యి, రోజుకింత ఇస్తా" అన్నాడు. లైసెన్స్ నంబరు అడిగితే నీకెందుకు అన్నాడంట.

పొడిగింపు గురించి కూడా ఏజెంట్‌నడిగాడు. వాట్సాప్‌లో రాసిమ్మంటే ఫోన్ చేస్తా అన్నాడు గానీ రాయలేదు. మళ్లీ మళ్లీ ఏ టు ఏ కి ఇవాళే కడితే తగ్గిస్తా అంటున్నాడు.

ఇప్పుడేం చేయమంటారు?


కోవూరు_ఖాదర్
11 డిసెంబర్, రాత్రి 10:45

అమ్మా, జవాబు వాళ్ల నోటితోనే వచ్చింది. కోటా లేదు, పని మాత్రం చెయ్యి అన్నాడంటే నీ తమ్ముడి చేతులు కావాలి గానీ మనిషి అక్కర్లేదు వాళ్లకి. ఆ గేటు వైపు ఇంక పోవద్దని గట్టిగా చెప్పు.

వచ్చెయ్యమను. 18 లోపల. వచ్చేలోగా ఈ నాలుగైదు రోజులు ఊరికే పోనివ్వొద్దు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, అల్ కూజ్‌లో, రస్ అల్ ఖోర్‌లో రాళ్ల కంపెనీలు వరసగా ఉంటాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ తెలియని రాళ్ల వ్యాపారి ఉండడు. బ్రిడ్జ్ కట్టర్ మీద, పాలిషింగ్ లైన్ మీద పనిచేసిన కుర్రాడంటే విలువుంది. పని చేయనక్కర్లేదు, చీమకుర్తిలో చేసిన పని వీడియో ఫోన్లో ఉంటే అది చూపించమను. పాస్‌పోర్టు కాపీ, ఇక్కడి నంబరు ఇచ్చి "పర్మిట్ తీస్తే ఇండియా నుంచి వస్తాను" అని చెప్పి రమ్మను. పదో తరగతి పాసయ్యాడు కాబట్టి ఈసీఆర్ (పనికి విదేశం పోయేముందు మన ప్రభుత్వ అనుమతి కావాలనే) స్టాంపు గొడవ కూడా ఉండదు. పర్మిట్ వస్తే చెన్నైలో విమానం ఎక్కడమే.


దేరా_నెల్లూరోడు
11 డిసెంబర్, రాత్రి 11:30

రోజుకింత ఇస్తా అన్నాడా! అట్టయితే నేను కూడా వచ్చెయ్యమనే అంటా అక్కా. నేను ఏ టు ఏ కి పోయిన రోజుకు నా చేతిలో మోహ్రే ఆఫర్ ఉండింది, కంపెనీనే ఖర్చు పెట్టింది. ఆ మాట మొదట్లోనే చెప్పి ఉంటే బాగుండేది. తమ్ముణ్ణి రేపు సాయంత్రం దేరాలో నన్ను కలవమను. నాకు తెలిసిన రెండు స్టోన్ యార్డులు ఉండాయి, నేనే తీసుకుపోతా.


కందుకూరు_మాధవి
12 డిసెంబర్, ఉదయం 8:20

టికెట్ చూసేటప్పుడు చెన్నై ఒక్కటే చూడొద్దక్కా. షార్జా నుంచి విజయవాడకి నేరుగా విమానం 2022లో మొదలైంది. మీది ఒంగోలు కాబట్టి గన్నవరంలో దిగితే రైలుకు దగ్గర. వారంలో ఏయే రోజులున్నాయో, రేటెంతో రెండూ పక్క పక్కన పెట్టి చూడండి.


సంతపేట_సుజాత
14 డిసెంబర్, రాత్రి 9:05

బుధవారం 17న చెన్నైకి టికెట్ తీశాము. విజయవాడ విమానం మాకు కావలసిన రోజు కుదరలేదు. దేరా తమ్ముడు మా వాణ్ణి రెండు యార్డులకు తీసుకుపోయాడు, ఆయనకు ఎంత చెప్పినా తక్కువే. ఒకచోట సూపర్‌వైజర్ మలయాళీ. వీడియో చూసి, బ్లేడు ఎప్పుడు మారుస్తావు, నీళ్లు ఆగితే ఏం చేస్తావు అని అడిగి, పాస్‌పోర్టు కాపీ తీసుకున్నాడంట. డబ్బు మాటే ఎత్తలేదు. ఏమవుతుందో తెలియదు గానీ ఆ ప్రశ్నలకే మా వాడికి ప్రాణం లేచొచ్చింది.

ఇంకొక అనుమానం. వీసా తీసినప్పుడు ఏజెంట్ డిపాజిట్ కింద కొంత పట్టుకున్నాడు, గడువులోపల బయటికి పోతే తిరిగిస్తానని. అది వస్తుందా?


కోవూరు_ఖాదర్
14 డిసెంబర్, రాత్రి 9:40

రావాలి. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ స్టాంపు పడకపోవచ్చు, స్మార్ట్ గేట్ అయితే అసలు పడదు. అందుకని బోర్డింగ్ పాస్ పారేయొద్దని చెప్పు. విమానం ఎక్కేముందు ఫోటో తీసి, డిపాజిట్ రసీదుతో కలిపి ఏజెంట్ వాట్సాప్‌కు పంపమను. చెన్నైలో దిగాక అరైవల్ స్టాంపు ఉన్న పేజీ కూడా పంపాలి. రెండు రోజుల తర్వాత సైట్‌లో వీసా స్టేటస్ చూసి, ఎగ్జిట్ అయినట్టు కనపడితే దాని స్క్రీన్‌షాట్ కూడా. ఇన్ని పంపాక కూడా ఇవ్వకపోతే నాకు చెప్పు, షార్జాలో మనవాళ్లను ఆ ఆఫీసుకు పంపిస్తా.


ట్రావెల్స్_కావలి
14 డిసెంబర్, రాత్రి 10:15

సుజాత గారూ, విమానం తెల్లవారుజామున దిగేదైతే చెన్నైలో ఉదయం రైళ్లు చూసుకోండి, సెంట్రల్ నుంచి ఒంగోలుకు చాలా ఉన్నాయి. ఒకవేళ ఆ మలయాళీ కంపెనీ పర్మిట్ పంపితే ముందు నాకో ఖాదర్ గారికో చూపించి తర్వాతే టికెట్ కొనండి. నకిలీ పర్మిట్ పీడీఎఫ్‌లు తయారుచేసి పంపేవాళ్లూ ఉన్నారు. నంబరు కొట్టి చూడటానికి మాకు రెండు నిమిషాలు పట్టదు.


సంతపేట_సుజాత
18 డిసెంబర్, మధ్యాహ్నం 3:20

తమ్ముడు పొద్దున ఇల్లు చేరాడు. బోర్డింగ్ పాస్, స్టాంపు పేజీ ఏజెంట్‌కు పంపాడు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా లేదు. సోమవారం దాకా చూసి ఖాదర్ గారికి ఫోన్ చేస్తాము. యార్డు సూపర్‌వైజర్ మాత్రం డిప్లొమా సర్టిఫికెట్ స్కాన్ కాపీ పంపమని మెసేజ్ పెట్టాడు. అది అటెస్టేషన్ చేయించి పంపాలా, ఉత్త కాపీ చాలా అన్నది ఎవరైనా చెప్పండి.